పాత లెన్సులతో ఓరుగల్లు, రామప్ప, లక్నవరం: ఎండను బట్టి వేసిన దారి

ఓరుగల్లు చుట్టుపక్కల తిరగడానికి ఫిబ్రవరి మంచి నెల. ఎండ ఇంకా ముదరదు, గాలిలో తేమ తక్కువ, ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి దిగుతూ ఉంటుంది. ఆటోఫోకస్ లెన్సు ఉంటే ఏ ఊరు ముందో ఏ ఊరు తర్వాతో బస్సు టైములను బట్టి తేల్చుకోవచ్చు. 1960లు, 70ల నాటి, చేత్తో రింగు తిప్పి ఫోకస్ చేసే మాన్యువల్ లెన్సులకు అది కుదరదు. ఫోకస్ దొరకదేమోనని కొత్తవాళ్లు భయపడతారు గానీ, అది రెండు పూటల్లో చేతికొచ్చే పని. అసలు తిప్పలు పెట్టేది వెలుతురు ఏ దిక్కు నుంచి పడుతోందన్నదే. ఒకే పొర పూత ఉన్న పాత గాజు ఎదురెండలో తేలిపోతుంది, నలుపు బూడిద రంగవుతుంది. అందుకే ఈ దారిని ఎండ నడకను బట్టి వేశాం. దుమ్ము రేగే చోటును మాత్రం ఆఖరికి ఉంచాం.

సంచిలో నాలుగు లెన్సులు చాలు (ఎంఎం అంకె చిన్నదైతే దృశ్యం వెడల్పు; ఎఫ్ అంకె అపర్చర్, అంటే లెన్సులో వెలుతురు దూరే కంత, అంకె చిన్నదైతే కంత పెద్దది). నికార్ 28 ఎంఎం ఎఫ్/2.8, నికార్ 105 ఎంఎం ఎఫ్/2.5, సూపర్ టకుమార్ 50 ఎంఎం ఎఫ్/1.4, హీలియోస్ 44-2 (58 ఎంఎం ఎఫ్/2). కెమెరాకు తగిలే అంచు (మౌంటు) మొదటి రెంటికీ నికాన్ ఎఫ్, తర్వాతి రెంటికీ ఎం42 మర. ఇక్కడి లెక్కలన్నీ సోనీ ఈ మౌంటు ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీకి (లోపల అద్దం లేని, 35 ఎంఎం ఫిల్మంత సెన్సరున్న కెమెరా). సెన్సరు అంతకన్నా చిన్నదైన ఏపీఎస్-సీ బాడీ అయితే 28 కాస్తా 42 లాగా, 105 కాస్తా 157 లాగా చూస్తుంది. కోటలో తోరణం మొత్తం పట్టాలంటే అప్పుడు 20 ఎంఎం లాంటిది వెతుక్కోవాలి.

బయల్దేరే ముందు రాత్రి: హన్మకొండ

గదిలో కూర్చుని చేయాల్సిన పని అడాప్టరు, అంటే పాత లెన్సును కెమెరాకు కలిపే గొట్టం, కొలవడం. దీన్ని వదిలేస్తే మర్నాడు కోటలో ప్రతి ఫొటోలోనూ అనుభవించాలి.

లెన్సు మౌంటు అంచు నుంచి ఫిల్ము లేదా సెన్సరు దాకా ఉండాల్సిన దూరం ఒక్కో మౌంటుకు ఒక్కోలా ఉంటుంది. ఎం42కు 45.46 మి.మీ., నికాన్ ఎఫ్‌కు 46.5, కానన్ ఎఫ్‌డీకి 42. సోనీ ఈకి 18 మాత్రమే. రెంటికీ తేడా ఎంతో అడాప్టరు మందం అంత. ఎం42కు 27.46 మి.మీ., నికాన్‌కు 28.5. లోపల గాజు ఉండదు, వట్టి గొట్టం. మిర్రర్‌లెస్ వచ్చాకే పాత లెన్సులకు గిరాకీ పెరగడానికి కారణం ఇదే, గొట్టానికి చోటు దొరికింది. లోపల అద్దం ఉండే నికాన్ డీఎస్ఎల్ఆర్ మీద ఎం42 లెన్సు పెడితే అడాప్టరు మందం సున్నా అనుకున్నా 1.04 మి.మీ. ఎక్కువే. ఆ మిల్లీమీటరుకే హీలియోస్ సుమారు 3.3 మీటర్ల అవతల దేన్నీ ఫోకస్ చేయలేదు. ముఖం తీయొచ్చు, గుడి తీయలేం.

చవక అడాప్టర్లను కావాలనే కాస్త పలచగా చేస్తారు. మందం పెరిగితే అనంతం, అంటే చాలా దూరపు వస్తువుల ఫోకస్, అందదు, కొన్నవాడు వాపసు ఇస్తాడు. పలచనైతే అనంతం గుర్తుకు ముందే ఫోకస్ అందుతుంది, చాలామంది గమనించరు కూడా. 0.1 మి.మీ. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ అంత మందం ఎక్కువైతే 50 ఎంఎం లెన్సు 25 మీటర్ల దగ్గర ఆగిపోతుంది, 28 ఎంఎం లెన్సు 7.8 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. వైడ్ లెన్సుకే దెబ్బ ఎక్కువ. మందం కొలిచే డిజిటల్ వెర్నియర్‌తో అడాప్టరు మందాన్ని నాలుగు చోట్ల కొలవాలి. నాలుగూ ఒకటే అయి మొత్తం తక్కువైతే ఫర్వాలేదు, దాని సంగతి చూసుకోవచ్చు. ఒక పక్క తక్కువ, ఒక పక్క ఎక్కువ ఉందంటే లెన్సు వంగి కూర్చుంటుంది. ఫ్రేములో ఎడమ మూల పదునుగా, కుడి మూల మసకగా వస్తుంది. అది పారేయాల్సిన అడాప్టరే. పలచనిదాన్ని సరిచేయడానికి రెండు పలకల మధ్య మరలు విప్పి వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉంగరంలా కత్తిరించి పెడతారు. ఒక్కో పొర 0.01 నుంచి 0.02 మి.మీ. ఉంటుంది.

అడాప్టరు లోపలి గోడ నిగనిగలాడుతుంటే నల్ల వెల్వెట్ కాగితం అంటించండి. పాత లెన్సు ‘తెల్లగా’ తీస్తోందని తిట్టేవాళ్లలో సగం మంది తిట్టాల్సింది ఈ గోడను.

ఇక మెనూ. లెన్సు లేకున్నా షట్టరు విడుదలయ్యే సెట్టింగు ఆన్ చేయాలి, లేకపోతే బటన్ నొక్కినా కెమెరా కదలదు. బాడీలోని స్టెబిలైజేషన్‌కు ఫోకల్ లెంగ్త్ చేత్తో ఇవ్వాలి. 105 మీద పెట్టిన అంకెను మార్చకుండా 28 తగిలిస్తే సెన్సరు అవసరానికి మించి ఊగి, నిలకడగా పట్టుకున్న ఫొటో కూడా కదిలిపోతుంది. లెన్సు మార్చినప్పుడల్లా ఈ అంకె మార్చడానికి ఒక బటన్ కేటాయించుకోవాలి. మోడ్ అపర్చర్ ప్రయారిటీ. అపర్చర్ రింగు తిప్పితే కెమెరా షట్టరు వేగాన్ని తనే చూసుకుంటుంది. ఫైలులో అపర్చర్ నమోదు కాదు, కావాలంటే చిన్న నోటుబుక్కు వెంట ఉండాలి.

మొదటి రోజు: ఓరుగల్లు కోట, వేయిస్తంభాల గుడి

సూర్యోదయానికి కోటలో ఉండాలి. స్వయంభూ గుడి శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నిలబడ్డ కీర్తి తోరణాలలో ఒకటి తెలంగాణ రాజముద్రలోకి ఎక్కింది. వాటికన్నా ముందు ఏకశిల గుట్ట ఎక్కండి. పైనుంచి ఊరి అవతలి టవర్లు కనిపిస్తాయి. అనంతం ఎక్కడ పడుతోందో చూసుకోవడానికి అంతకన్నా మంచి గురి లేదు. అపర్చర్ పూర్తిగా తెరిచి, పది రెట్లు పెద్దది చేసి చూస్తూ రింగు తిప్పండి. టవరు పదునెక్కిన చోట రింగు మీద సన్నటి తెల్ల టేపు ముక్క అంటించండి. ఇక ఆ లెన్సుకు, ఆ అడాప్టరుకు అదే అనంతం. చెక్కిన గుర్తును నమ్మక్కర్లేదు.

దిగి వచ్చాక 28తో తోరణం. ఇక్కడే రాత్రి కొలత అక్కరకొస్తుంది. 28 ఎంఎం లెన్సును ఎఫ్/8 దగ్గర 3.3 మీటర్లకు పెడితే 1.6 మీటర్ల నుంచి అనంతం దాకా పదును రావాలి. పుస్తకం లెక్క అది. అడాప్టరు 0.1 మి.మీ. పలచనైతే స్కేలు మీద 3.3 పెట్టినా ఫోకస్ నిజానికి 5.6 మీటర్ల దగ్గర పడుతుంది. పదును 2.1 మీటర్ల నుంచే మొదలవుతుంది. తోరణం బాగానే ఉంటుంది, కాళ్ల ముందు పడి ఉన్న చెక్కడపు రాళ్లు మసకబారతాయి. అలాంటి అడాప్టరుతో రింగును 2.3 మీద పెట్టాలి, అప్పుడు నిజంగా 3.3 వస్తుంది. ఇంకో మాట. లెన్సు మీద చెక్కిన లోతు గీతలు (ఏ అపర్చర్‌కు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా పదునో చూపేవి) చిన్న ప్రింట్లను తలచుకుని వేసినవి. 24 మెగాపిక్సెళ్ల ఫైలును తెర మీద నిండా చూస్తే ఆ గీతలు చాలవు. ఎఫ్/5.6 గీతల మధ్య ఉన్నదాన్ని ఎఫ్/8కో ఎఫ్/11కో తీయాలి.

పొద్దున తూర్పు తోరణాన్ని బయటి వైపు నుంచి, అంటే సూర్యుడికి వీపు పెట్టి తీయండి. పక్కకొరిగిన ఎండ రాయి మీద పాకుతుంది, హంసలు, మకరాలు ఉబ్బెత్తుగా లేస్తాయి. అదే తోరణం కింద నుంచి ఉదయించే సూర్యుణ్ణి చూపిద్దామని చాలామందికి సరదా. పాత 28తో తీస్తే ఫ్రేము అడ్డంగా బహుభుజి మచ్చల వరస, మధ్యలో పలచటి తెర. సూర్యుడు స్తంభం అంచున సగం దాగేటట్టు నిలబడి, ఎఫ్/11కు దించితే కొంత తగ్గుతుంది. సూర్యుడు ఫ్రేముకు కాస్త బయటే ఉన్నప్పుడు మాత్రం హుడ్ లేకపోతే అరచేయే దిక్కు. వ్యూఫైండర్‌లో చూస్తూ చేతిని కదిపితే నలుపు ఎక్కడ తిరిగొస్తుందో కంటికే తెలుస్తుంది. తీయని వేళ మూత పెట్టేయాలి. అపర్చర్ పూర్తిగా తెరిచిన లెన్సు సూర్యుడి వైపు ఉంటే మిర్రర్‌లెస్‌లో ఆ వేడి నేరుగా సెన్సరు మీదే పడుతుంది.

మధ్యాహ్నం ఖుష్ మహల్. శితాబ్ ఖాన్ కట్టించాడని చెప్పే ఈ హాలులో ఎత్తయిన కమానులు, లోపల చీకటి, కిటికీల్లో మంట లాంటి వెలుగు. పాత లెన్సుకు ఇది ఓడిపోయే ఆట. వెలుగు కిటికీని వదిలేసి, దాని వెలుతురు పడిన గోడను తీసుకోవడమే మేలు.

సాయంత్రం హన్మకొండలో వేయిస్తంభాల గుడి. రుద్రదేవుడు 1163లో కట్టించిన త్రికూటాలయం. విప్పి మళ్లీ పేర్చిన కల్యాణ మండపాన్ని 2024లో తెరిచారు. ఇక్కడైనా రామప్పలోనైనా ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి ఉండాలి, కాబట్టి అంతా చేతి మీదే. నునుపు చేసిన నల్లరాతి నందిని 105తో తీసేటప్పుడు ఫోకస్ పీకింగ్ (పదునైన అంచులకు తెర మీద రంగు పూసే సదుపాయం) మోసం చేస్తుంది. పీకింగ్ చూపేది ఫోకస్‌ను కాదు, ఎక్కడ కాంట్రాస్ట్ ఎక్కువుందో దాన్ని. మెరిసే రాతి మీద మెరుపు చుక్కలన్నీ ఎర్రగా వెలుగుతాయి, కన్ను మాత్రం మసకగానే ఉంటుంది. నంది మెడలోని గంటల దండ అంచును పెద్దది చేసి చూసి ఫోకస్ చేయండి. వెలుతురు కొలిచే మీటరు నల్లరాతిని చూసి వెలుతురు చాలదనుకుని ఫొటోను తెల్లబరుస్తుంది. ఒక స్టాపు, అంటే వెలుతురు సగానికి, తగ్గిస్తేనే రాయి రాయిలా వస్తుంది.

రెండో రోజు: రామప్ప

హన్మకొండ నుంచి ములుగు దాకా 163వ నంబరు జాతీయ రహదారి, ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర హైవే వదిలి పాలంపేట. మేడారం జాతర ఉన్న ఏడాది (2024, 2026 అలా రెండేళ్లకోసారి) మాఘ పున్నమి అటూ ఇటూ రోజుల్లో ఈ రోడ్డు జోలికి పోకండి, బండ్లు అంగుళం కదలవు.

రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తూర్పు ముఖం కాబట్టి పొద్దున ముందు భాగం ఎర్రటి ఇసుకరాయి మొత్తం వెలుగుతుంది. అయినా మొదటి గంట అటు ఖర్చు పెట్టొద్దని నా సలహా. చూరు కింద ఏటవాలుగా నిలిచిన మదనికల (స్త్రీ శిల్పాల) మీద పెట్టండి. అవి ఇసుకరాయి కావు, నల్లటి గట్టి రాయి. చూరు నీడలో నల్లరాయి, దాని పక్కనే తెల్లటి ఆకాశం. పాత లెన్సుకు ఇంతకన్నా గడ్డు పరీక్ష లేదు. ఆకాశం ఫ్రేములోకి రాకున్నా, అంచుకు బయట ఉన్నా సరే, ఆ వెలుగు లెన్సులోపల చెదిరి మదనిక నడుము మడతల్లోని నలుపును తినేస్తుంది.

పొద్దు ఎక్కనివ్వకుండా తీయడం ఒక దారి, తూరుపు వైపు బొమ్మలకు అప్పుడు నేరుగా ఎండ తగులుతుంది. పొద్దెక్కాక ఉత్తరం వైపుకు మారాలి. ఫిబ్రవరిలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు కాబట్టి గుడి ఉత్తరపు పక్క రోజంతా నీడే. వెనక ఆకాశం కూడా సూర్యుడికి ఎదురు దిక్కుది, లేత నీలం, అంత తెల్లగా కొట్టదు. ఎత్తు మడమల పాదరక్షలతో ఉన్న మదనికను చూడ్డానికే చాలామంది వస్తారు, ఆ గుంపు తగ్గేదాకా ఆగితే మంచిది.

లెన్సు 105. మీటరున్నర ఎత్తు ఫ్రేములో పట్టాలంటే నిలువుగా పట్టుకుని నాలుగున్నర మీటర్లు వెనక్కి జరగాలి. ఎఫ్/4 దగ్గర ఆ దూరానికి పదును లోతు 40 సెంటీమీటర్లు. బొమ్మ ముందుకు వాలి ఉంటుంది గనక మొహానికి ఫోకస్ చేస్తే పాదాలు జారతాయి. రొమ్ము ఎత్తున హారం మీద చేసి ఎఫ్/5.6కు దించితే పైనా కిందా సరిపోతుంది. తల పైకెత్తి తీసేటప్పుడు ఊపిరి బిగపట్టి రింగు తిప్పడం కన్నా, రింగును వదిలేసి ఒళ్లు ఇంచు ముందుకూ వెనక్కూ ఊపుతూ మూడు నాలుగు ఫ్రేములు వరసగా నొక్కడం నయం. అరుగు అంచు ఎక్కడుందో చూసుకోండి. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి నడిచేవాళ్లను చూసి అక్కడి గైడ్లకు అరవడం అలవాటైపోయింది.

అరుగు పొడవునా సాగే ఏనుగుల వరసను హీలియోస్‌తో ఎఫ్/2లో తీయకండి. ఆ లెన్సు పదును పడే తలం చదునుగా ఉండదు, వంగి ఉంటుంది. మధ్య ఏనుగు చక్కగా, అంచు ఏనుగులు నీళ్లలో మునిగినట్టు వస్తాయి. గోడల్లాంటి చదును వాటికి 105 ఎఫ్/8.

రంగమండపం లోపలికి టకుమార్. నడిమి నాలుగు నల్ల స్తంభాల మీద సన్నటి నగిషీ, తలెత్తితే కప్పు. వెలుతురు ద్వారాల నుంచి పక్కగా వస్తుంది, ఫోకస్‌కూ ఆకారానికీ అదే మేలు. ఐఎస్ఓ (సెన్సరు సున్నితత్వం) 1600, ఎఫ్/2, షట్టరు 1/60 దగ్గర పని జరుగుతుంది. ఎఫ్/1.4లో ఈ లెన్సు పదునైన గీత చుట్టూ మెత్తటి కాంతి పూస్తుంది. మనిషి ముఖానికి అందం, నగిషీకి చేటు. ఇంకో చిక్కు, ఎఫ్/1.4 దగ్గర ఫోకస్ చేసి ఎఫ్/2.8కు దించితే పదును తలం కాస్త వెనక్కి జరుగుతుంది. 80 సెం.మీ. దూరంలో ఎఫ్/2కు ఉన్న లోతే దాదాపు 3 సెం.మీ. కాబట్టి ఏ అపర్చర్‌లో తీస్తారో ఆ అపర్చర్‌లోనే ఫోకస్ చేయాలి. వ్యూఫైండర్ ఎలక్ట్రానిక్ కనుక చీకటి పడదు. పాత ఎస్ఎల్ఆర్ వాళ్లకు లేని సుఖం ఇది.

అడాప్టరు మీద టకుమార్ అపర్చర్ మూసుకోకపోతే కంగారు పడక్కర్లేదు. లెన్సు పక్కనున్న చిన్న మీట ‘ఏ’ నుంచి ‘ఎం’కు జరిపితే అపర్చర్ రేకులు కదులుతాయి. మీట లేని ఎం42 లెన్సులకు వెనక సూదిని నొక్కిపట్టే అంచు ఉన్న అడాప్టరే కొనాలి.

ఏడు గాజుల సూపర్ టకుమార్ 50/1.4లో థోరియం కలిసిన గాజు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది టీ రంగుకు తిరుగుతుంది. రామప్ప ఎర్రరాయి మీద ఆ పసుపు ఇంకా ముదిరి కనిపిస్తుంది. రా ఫైలులో తీసి, అక్కడే బూడిద కార్డుతో వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. ఇంట్లో అయితే అతినీలలోహిత ఎల్ఈడీ దీపం కింద కొన్ని రోజులు ఉంచితే చాలావరకు తేటబడుతుంది. వాడకంలో ఆ రేడియేషన్‌తో ముప్పు లేదు. ఆ గాజును గీరడం, అరగదీయడం మాత్రం చేయకూడదు.

మధ్యాహ్నం తిండి అయ్యాక (సర్వపిండి నూనె వేళ్లతో రింగు ముట్టకండి) ఘనపురం కోటగుళ్లు. శిథిలాలు, జనం తక్కువ, పడమటి ఎండలో గజకేసరి శిల్పాలు. 28, 105 రెండే చాలు. రాత్రికి లక్నవరం చేరుకోవాలి.

మూడో రోజు: లక్నవరం

ఇది హీలియోస్ రోజు. జైస్ బయోటార్ డిజైనును సోవియట్లు తీసుకుని లక్షల్లో చేసిన లెన్సు. వెనక ఆకులు సుడి తిరిగినట్టు వస్తాయని పేరు. కొన్నవాళ్లలో చాలామంది ఆ సుడి రావట్లేదని అంటారు, రప్పించే కొలతలు పాటించకపోవడమే కారణం. మనిషి మీటరు నుంచి మీటరున్నర దూరంలో ఉండాలి. వెనక చెట్లు అయిదారు మీటర్ల అవతల, ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు పడుతూ ఉండాలి. అపర్చర్ ఎఫ్/2. ఎఫ్/2.8 దాటితే సుడి తగ్గిపోయి ఎఫ్/4కు మాయం. ఫ్రేము అంచుల్లో లెన్సు గొట్టం అడ్డుపడి వెలుగు చుక్కలు గుండ్రం కాకుండా కంటి ఆకారంలోకి నొక్కుకుపోతాయి, వాటన్నిటి వరసే సుడి. ఏపీఎస్-సీ సెన్సరు ఆ అంచులనే కోసేస్తుంది, సుడి అక్కడే పోతుంది. వెనక వట్టి నీళ్లు, వట్టి ఆకాశం ఉన్నా రాదు. అందుకే వేలాడే వంతెన మధ్యలో కాకుండా, వంతెన దిగి దీవి చెట్ల అంచున మనిషిని నిలబెట్టండి.

44-2కు అపర్చర్ రింగులు రెండు. ముందుది టక్ టక్‌మని ఆగేది, కావలసిన అంకెకు పెట్టేది. రెండోది జారేది, తెరిచి మూసేది. ముందు రింగు ఎఫ్/4కు పెట్టి, రెండోది తెరిచి ఫోకస్ చేసి, చూడకుండానే చివరికంటా మూస్తే సరిగ్గా ఎఫ్/4 దగ్గర ఆగుతుంది. మీటరు లోపు దూరంలో ఎఫ్/2కు లోతు మూడున్నర సెంటీమీటర్లకు మించదు, దగ్గరి కన్నుకు ఫోకస్ చేస్తే దూరపు కన్ను ఒక్కోసారి జారుతుంది. వంతెన మీద మాత్రం ఫోకస్ ఆట వద్దు, ఎవరు నడిచినా పలక ఊగుతుంది. 28, ఎఫ్/8, రింగు అనంతం టేపు గుర్తు దగ్గర.

పొద్దున్నే నీళ్ల మీది చల్లదనం నుంచి వచ్చిన లెన్సును సంచిలో అలాగే మూసేయకూడదు. ఆరనిచ్చి పెట్టాలి.

నాలుగో రోజు: ఎనుమాముల, కొత్తవాడ

వారాంతాలకు, పండుగలకు యార్డు మూత. ముందే కనుక్కుని పొద్దున్నే చేరాలి. జెండా పాట (మిర్చి వేలం) మొదలయ్యేసరికి బస్తాల వరసల మధ్య అడ్తిదార్లు, రైతులు గుమిగూడతారు. తేజ రకం మిర్చి సన్నగా, ముదురు ఎరుపు. చపాటా బొద్దుగా, టమాటాలా కనిపిస్తుంది, కారం తక్కువ రంగు ఎక్కువ. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఇక్కడ టకుమార్ బయటికి తీయొద్దు. ఎండలో మిర్చి రాశి అంటేనే ఎరుపు చానెల్ నిండిపోతుంది. దాని మీద థోరియం పసుపు చేరితే కాయకు కాయకు తేడా లేకుండా ఒకే ఎర్రటి ముద్ద. 105 పెట్టి, మూడింట రెండు స్టాపు తగ్గించి, హిస్టోగ్రామ్‌లో (వెలుతురు పంపకం చూపే గ్రాఫులో) మూడు రంగులూ విడిగా చూడండి. మొత్తం వెలుతురు గీత బాగానే ఉందని కెమెరా చెబుతున్నప్పుడే ఎరుపు గోడకు కొట్టుకుని ఉంటుంది. హమాలీలు బస్తా ఎత్తే వేగానికి రింగు తిప్పుతూ పోటీ పడలేం. వాళ్లు నడిచే దారిలో ఒక బస్తాకు ముందుగా ఫోకస్ పెట్టుకుని, అక్కడికి రాగానే నొక్కాలి. 1/500.

లెన్సు మార్చడం యార్డు బయటే. మిర్చి దుమ్ము సెన్సరు మీద పడితే ఊదితే పోయేది కాదు, ఫోకస్ మరలోకి దిగితే గ్రీజుతో కలిసి రింగు గరగరమంటుంది.

మధ్యాహ్నం కొత్తవాడ మగ్గాలు. ‘అన్నా, ఒకటి రెండు ఫొటోలు తీసుకోవచ్చా?’ అని అడిగితే వద్దనేవాళ్లు తక్కువ. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గదులు ఇరుకు, వెలుతురు ఒక తలుపు, ఒక ఎల్ఈడీ బల్బు. ఎలక్ట్రానిక్ షట్టరు వాడితే ఫొటో మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసి బల్బు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంది. మెకానికల్ షట్టరు, 1/100 లేదా 1/50 పెడితే ప్రతి ఫ్రేముకూ నిండు వెలుగు అందుతుంది. కదిలే చేతులు ఆపాలంటే బల్బు ఆర్పమని అడిగి, తలుపు వెలుతురులో 1/250కు పోవాలి. అప్పుడు టకుమార్ ఎఫ్/2 మళ్లీ పనికొస్తుంది. తలుపు ఫ్రేములో రాకుండా దానికి పక్కగా నిలబడండి.

రాత్రి గదికి చేరాక, రింగు తిప్పకముందే, మెత్తటి బ్రష్‌తో రింగు గాడిలోని ఎర్ర దుమ్ము దులపాలి. తర్వాత బ్లోయరు. నోటితో ఊదితే తేమ చేరుతుంది. గాజు చివర్లో. వెనక నుంచి ఫోను టార్చి వేసి చూస్తే సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే ఫంగస్, అంచున ఇంద్రధనుస్సు ఉంగరం కనిపిస్తే గాజుల మధ్య జిగురు విడిపోతోంది. రేకుల మీద నూనె మెరుస్తున్నా అడాప్టరు మీద పని ఆగదు, రేకులు షట్టరుతో పాటు ఠక్కున కదలాల్సిన పని లేదు గనక. వేసవిలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే మాత్రం ఆ నూనె ఆవిరై గాజు లోపలి పొర మీద మసకలా పడుతుంది. ఇంట్లో గాలి చొరని డబ్బా, సిలికా జెల్, లోపల తేమ మీటరు, 40 నుంచి 50 శాతం. లెన్సుతో పాటు వచ్చిన పాత తోలు కేసు ఎంత ముచ్చటగా ఉన్నా వేరే అల్మారాలో పెట్టండి, జూన్ వానలకు ఫంగస్ మొదట పుట్టేది దాంట్లోనే.